దావీదు చిన్నాయన వెతికిన గాజుల గల్లీ

నిన్న పొద్దున నారాయణఖేడ్ నుంచి తమ్ముడి ఫోన్. "చిన్నాయన పోయిండు" అన్నాడు.

నమ్మలేదు. మా వాట్సాప్ గ్రూపులో బతికున్నవాళ్లకు కూడా నివాళి పెట్టేస్తారు. వీడియో కాల్ చెయ్యమన్నాను.

చేశాడు. చూశాను. హైదరాబాద్‌లో బస్సెక్కాను.

దావీదు చిన్నాయన మా నాన్న తమ్ముడు. సోషల్ సారుగా రిటైరయ్యి, ఊళ్లో పేరు మారిన గల్లీలు, మాయమైన గల్లీలు వెతికే పని పెట్టుకున్నాడు.

పాత మ్యాపుల్లో లేనివి ఆయనకు గిన్నెల మీద దొరికేవి. పెళ్లికి పెట్టే గిన్నె మీద పేరు కొట్టిస్తారు కదా. మా దగ్గర పాతవాళ్లు పేరు కింద గల్లీ కూడా కొట్టించేవాళ్లు. తెలుగులో, ఉర్దూలో, కన్నడంలో.

అందుకే ఎవరింటికి పోయినా గిన్నెల అంచులు తడిమి చూసేవాడు. పాత ఇత్తడి కొంటాడని కొందరు, దొంగలకు దారి చూపిస్తాడని కొందరు. కంగ్టిలో ఒకామె చాయ్ ఇచ్చి, వంటింటికి తాళం వేసిందట.

ప్లాట్ల బ్రోకర్లు ఆయన వెనకున్నారేమోనని నా డౌటు. అనుమానం పెనుభూతం అంటారు, మా ఇంట్లో ఆ భూతం నేనే.

ఆయనకు కావలసింది గాజుల గల్లీ. మా ఇంటి నుంచి నేరుగా బజారుకు పోయే దారి. ఇప్పుడు దాని మీద కాంప్లెక్స్ ఉంది.

"ఈడ గల్లీ ఎన్నడు లేదు" అని దాని ఓనర్ మున్సిపల్ ఆఫీసులో చెప్పాడు. వాళ్లమ్మ పుట్టింటి గిన్నెలు చూస్తానని చిన్నాయన వెళ్తే, గేటు దగ్గరే ఆపేశాడు.

ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు అంబులెన్స్ లోపలికి దారి లేక ఆ కాంప్లెక్స్ ముందే ఆగిపోయింది. చిన్నాయనను కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ తిప్పి మోసుకెళ్లారు.

ఆస్పత్రికి చేరేసరికే ఆలస్యమైపోయింది.

నిన్న ఓనర్ దండ పట్టుకొని వచ్చాడు. ఎందుకొచ్చాడా అని ఆయన్నే చూస్తూ కూర్చున్నాను.

మట్టి ఇచ్చి వచ్చాక వాళ్లింటి నుంచి అన్నం వచ్చింది, పాత ఇత్తడి గంజులో. చావింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి ఇరుగుపొరుగు పంపుతారు.

తెచ్చినామె పోతూ పోతూ అంది: "గంజు వాపసు ఇయ్యొద్దన్నది అవ్వ. మీ తాననే ఉండనియ్యిండ్రి."

అవ్వ అంటే ఓనర్ వాళ్లమ్మ. ఇదేం కొత్త ప్లానో అనుకున్నాను. ఆ అన్నం ముట్టనన్నాను.

"అన్నం మీద పగ ఏంది? తిను" అంది చిన్నమ్మ. తిన్నాను.

గంజు తోముతుంటే అంచు మీద అక్షరాలు తేలాయి. అవ్వ తండ్రి పేరు. దాని కింద, గాజుల గల్లీ.

ఇంటినిండా స్టీలు గిన్నెలు పెట్టుకొని ఆమె ఈ గంజే ఎందుకు తీసింది?

తెలిసే పంపిందని నా అనుమానం. ఒక మనిషిని మంచికి అనుమానించడం నాకిదే మొదటిసారి.

రేపు ఆ గంజు పట్టుకొని ఆఫీసుకు నేనే పోతున్నాను.

ఇగ పండుకో చిన్నాయనా. ఆ ప్రభువు నీకు నెమ్మదినివ్వాలి.