భిక్షపతి బోరు బడాయి

ఎల్బీనగర్‌ల మా గల్లీకొచ్చి భిక్షపతి ఇల్లేదని అడిగితే ఎవరన్న చూపిస్తరు. చూపిచ్చేముందు ఓ నవ్వు నవ్వుతరు. మూడంతస్తుల బిల్డింగు, గేటు పక్కన బోరు. ఆ బోరు మోటరుకు శుక్రవారం శుక్రవారం పసుపు కుంకుమ పెట్టి దండం పెడ్తడు పెద్దమనిషి. నా పేరు ఉపేంద్ర, వాషింగ్ మిషన్లు, గీజర్లు రిపేరు చేస్త. పదహారేండ్ల సంది ఈ ఏరియా నీళ్లు చూస్తున్న, ఈయన బడాయి గూడ చూస్తున్న.

ఆయనది నల్గొండ దిక్కు పల్లె. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పండ్లు గారపట్టినయి, వాళ్ల నాయిన నడుం వంగి మంచానపడి పోయిండు. ఈయన పట్నమొచ్చి, ఇరవయ్యేండ్లు లారీ తోలి, ప్లాటు కొని బోరేపిచ్చిండు. నీళ్లు పైకి దుంకంగనే బురదల కూసోని ఏడ్చిండట. అందాక నేను గూడ రెండు చేతులెత్తి మొక్కుత. ఆ తర్వాత ఆయన తెలివి తెల్లారినట్టే ఉంటది. బొక్కలు వంచని నీళ్లన్నీ మంచినీళ్లే ఆయన లెక్కల. "మా ఊరి నీళ్లు తాగి సూడు బిడ్డా, అప్పుడు తెలుస్తది. గియ్యి అమృతం" అంటడు. అమృతమట, నా మొకం! బకెట్ అంచుకు సున్నం కడ్తది. షవర్ తిప్పితే రెండు దారలొస్తయి, మిగిలినయి సున్నంతోని పూడుకపోతయి. కిరాయికున్నోళ్లు తాగనీకి క్యాన్లు తెచ్చుకుంటరు.

ఆ బిల్డింగుల కింది పోర్షన్ల తిరుపతమ్మక్క కిరాయికుంటది. మొగడు పోయినంక సెకండ్‌హ్యాండ్ల ఒక వాషింగ్ మిషన్ కొన్నది. చైతన్యపురి లేడీస్ హాస్టల్ పిల్లల బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి ఇస్తది. ఆ మిషనే ఆమెకు బువ్వ. ఏడాదిల మూడుసార్లు దాని హీటర్ రాడ్డు మార్చిన. నాలుగోసారి ఇప్పి చూస్తే రాడ్డే కనిపిస్తలేదు, చుట్టూ సున్నం బొటనవేలంత మందం. పిల్లల తెల్ల చున్నీలు బూడిదరంగుకు తిరిగినయి. "సోమవారం లోడు గూడ ఇట్లనే వస్తే వేరేటోళ్లకిస్తం" అని హాస్టల్ చూసుకునే కృష్ణకుమారి మేడం చెప్పేసిందట.

ఇద్దరం పోయి భిక్షపతికి చెప్పినం. ఆయన కుర్చీల నుంచి లేవనన్న లేవలే.

"నీళ్లకేం రోగమమ్మా? నువ్వు సర్ఫు తక్కువేస్తున్నవ్. పీనాసితనం చేస్తె మురికెట్ల పోతది?"

ఆర్నెల్ల సంది గిదే పాట. నాకు ఒళ్లు మండింది. "అన్నా, నీ బోరు నీళ్లు ఉత్త సున్నం. సాఫ్ట్‌నర్ అని మిషనొస్తది, పైపుకు పెట్టియ్యి. దాని డబ్బల నెలకోపారి ఉప్పు పోస్తే చాలు, అది సున్నాన్ని పట్టేస్తది" అన్న.

మిషన్ సంగతి ఆయన బుర్రకెక్కలే. ఉప్పు సంగతి ఒక్కటే ఎక్కింది. తెల్లారి ఆదివారం, ఎవరికీ చెప్పకుండ రెండు బస్తాల కల్లుప్పు మీది ట్యాంకుల గుమ్మరిచ్చిండు. కొబ్బరికాయ గూడ కొట్టిండు! సాఫ్ట్‌నర్ ఎందుకంట, ట్యాంకే పెద్ద మిషనంట.

అక్కకేం తెలుసు పాపం. నేను కొత్త రాడ్డు ఏసి పోయిన ధైర్యంతోని లోడంత ఉతికింది. ఆరినంక చూస్తే బట్టలు అప్పడాలోలె పెళుసెక్కినయి, నల్ల డ్రెస్సుల మీద తెల్లతెల్ల చారలు. పొద్దుందాక దులిపింది, ఇస్త్రీ చేసింది. సోమవారం మూట పోయింది, మాపటికి తిరిగొచ్చింది. పిల్లలకు ఒళ్లంత దురదలట. ఇగ రావద్దన్నరట.

మంగళవారం ఆయన ఇంటికి మెట్లెక్కిన. అక్క గూడ వెనకనే వచ్చింది. తిడదామనే పోయిన, కని ఆయన భార్య అరుణమ్మ వదినె మంచి మనిషి, చాయ్ చేతుల పెట్టింది. ఒక గుటక తాగి ఆగిన.

"వదినా, బిల్డింగంత నోట్ల నీళ్లు పెట్టుకోలేక పరేషానైతుంటే, నీ చాయ్ మంచిగెట్లున్నది?"

"మాది కృష్ణా నీళ్ల లైను గద తమ్మీ. తాగనీకి, తానానికి, అన్నిటికి గదే. బోరు నీళ్లకు గీజరు, మిషన్ ఖరాబైతయని మీ అన్న ఇల్లు కట్టిననాడే మాకు వేరే పైపు ఏపిచ్చిండు."

ఇన్నేండ్లల్ల ఆ ఇంటి గీజరు ఒక్కపారి గూడ నా చేతికి ఎందుకు రాలేదో అప్పుడు సమజైంది. పక్కనే కుర్చీల కూసున్న భిక్షపతి పేపరు మడతపెట్టిండు, మళ్ల ఇప్పిండు.

"తెలిసి తెలిసి నన్ను పీనాసిదాన్ని చేసినవా పటేలా?" అన్నది అక్క.

"బోరు మంచిగలేదని నా నోటితోని నేనే చెప్పుకుంటె కిరాయికెవరొస్తరమ్మా?" అన్నడు, నేల చూసుకుంట.

థూ! గిదొక బతుకా? నోటికొచ్చినట్టు తిట్టిన. నల్గొండల నీళ్లకు గోస పడ్డోడివి, ఇంకొకరి గోస నీకు ఆనదా అన్న. గల్లీ అంత ఇనపడేటట్టు తిట్టి, చాయ్ కప్పు ఆడనే పెట్టి బయటికొచ్చిన. పానం జర సల్లబడ్డది.

మెట్ల మీద అక్క నిలబడ్డది.

"ఆయన సంగతి సరే తమ్మీ. ఇంతకుముందు నువ్వు మూడుసార్లు రాడ్డు మార్చినవ్ గద. నీళ్ల సంగతి మొదటిసారే ఎందుకు చెప్పలే?"

చెప్తే రెండోసారి నన్నెవరు పిలుస్తరక్కా అనే మాట నాలుక దాక వచ్చింది. మింగి, సామాన్ల సంచి బుజానికేసుకొని కిందికి దిగిన.