బందరు బల్లి

మా జువాలజీ మేష్టారు పోయారని అవనిగడ్డ నుంచి వచ్చిన మొదటి బస్సు కండక్టరు చెప్పాడు. దివిసీమలో వాళ్ళ ఊరి చర్చి వెనక అంతకు రెండు రోజుల ముందే సమాధి చేశారట. ఆ రోజు నా చిట్టాలో ఆ ఒక్క వాక్యం రాసి, మిగతా పేజీ ఖాళీగా వదిలేశాను.

నేను బందరులో ఒక కాలేజీ మ్యూజియం స్టోర్‌కీపర్ని. చదివింది ఎనిమిదో తరగతి. అంతకు ముందు గుడివాడలో ఒక మిల్లులో చిట్టా రాసేవాణ్ణి. ఒకసారి బందరు రైల్లో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి నా ఒళ్ళోని పుస్తకంలోకి తొంగిచూసి, "కొట్టివేత ఒక్కటీ లేదే! తప్పులే రావా నీకు?" అన్నారు. "వస్తాయండి. ముందు చిత్తులో రాసుకుంటాను," అన్నాను. ఆయనే మేష్టారు. నెల తిరక్కుండా నన్ను మ్యూజియంలో వేయించారు. లాటిన్ పేర్లు కూడబలుక్కుని చదవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆయన ఏ ఎముకనైనా ముట్టుకునే ముందు చేతి గడియారం విప్పి జేబులో వేసుకునేవారు. గీత పడుతుందని అనుకునేవాణ్ణి. అడిగితే, "దాని వయసు ముందు ఇది చూపించడం మర్యాద కాదయ్యా," అన్నారు.

గోదావరి ఎగువన అడవి కంట్రాక్టు చేసే ఆయన బావమరిది ఒకసారి అక్కడి గుట్టలో దొరికిన ఒక బండ గోనెసంచిలో తెచ్చి పడేశాడు. అది బండ కాదనీ, రాయిగా మారిన డైనోసారు తొడ ఎముకనీ మేష్టారు పోల్చారు. మూడేళ్ళు దాన్ని కొలిచి, బొమ్మలు వేసి, ఇదివరకు ఎవరూ చెప్పని జంతువని తేల్చుకున్నారు. బందరు మాట, బల్లి అనే మాట కలిసొచ్చేలా దానికి లాటిన్లో ఒక పేరు పెట్టారు. ఆయన జీవితంలో పెట్టిన శాస్త్రీయ నామం అదొక్కటే. కుర్రాళ్ళు ఊరుకుంటారా? "బందరు లడ్డు చూశాం, ఇప్పుడు బందరు బల్లి!" అని వరండాలో పాట కట్టారు. ఆయన కిటికీలోంచి విని, "రాగం బాగుంది, రెండో చరణం ఏదిరా?" అని అడిగారు.

వ్యాసం కాలేజీ వార్షిక సంచికకి ఇచ్చారు. సంచిక మార్చిలో రావాలి. అవి పెళ్ళిళ్ళ రోజులు. ప్రెస్సు నిండా శుభలేఖలే. మేష్టారు రోజూ సాయంత్రం వెళ్ళి అడిగేవారు. ఫోర్‌మన్ సాయిబు గారు శుభలేఖ మీద నుంచి తల ఎత్తకుండానే, "ముహూర్తాలు ఆగవు కదా మేష్టారూ! మీ బల్లి కోట్ల ఏళ్ళు ఆగిందన్నారు, ఇంకో రెణ్ణెల్లు ఆగదా?" అనేవారు. మేష్టారు నవ్వి వచ్చేసేవారు.

ఆ మరుసటి ఏడు కలకత్తా నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి పండితుడొకరు అదే గుట్టలో దొరికిన ఎముకలకి వేరే పేరు పెట్టి అచ్చు వేశారు. జంతువు ఒకటే, పేర్లు రెండు. అలాంటప్పుడు ముందు అచ్చయి జనం చేతికి వచ్చిన పేరే నిలుస్తుందని ఆ శాస్త్రంలో నియమం. ఆ పండితుడి వ్యాసం అంతకు ముందు ఏడు మే నెలలో వచ్చింది. 'మీ సంచిక మీద మార్చి అని ఉంది. నిజంగా ఎప్పుడు వెలువడిందో దయచేసి తెలుపగలరు' అని మర్యాదగానే అడిగారు.

ప్రిన్సిపాల్ గారు ఆ ఉత్తరం చూసి, "అట్ట మీద మార్చి అని ఉందిగా, అదే రాసెయ్యండి. కలకత్తా నుంచి ఎవరొచ్చి చూస్తారు?" అన్నారు. మేష్టారు తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చారు.

"ఏమయ్యా, సంచికలు మనకెప్పుడు వచ్చాయి?"

"అట్ట మీద మార్చి అని ఉందండి."

"అట్ట నేనూ చదివాను. నీ పుస్తకం ఏమంటోంది?"

నేను పుస్తకం తీసి ఆ పేజీ తెరిచాను. మ్యూజియంలోకి వచ్చిన ప్రతి వస్తువూ వచ్చిన రోజే రాసుకోవడం నా అలవాటు. దాన్ని తలుచుకుని అంతకు ముందు ఎన్నడూ బాధపడలేదు. చివరికి పుస్తకం ఆయన వైపు తిప్పాను. 'జూలై. వార్షిక సంచికలు, నాలుగు కట్టలు. ఒక కట్ట అడుగున తడిసింది.'

ఆయన రెండుసార్లు చదివారు. "పేరు పెట్టేవాడికి తొందర ఉండొచ్చు. తేదీ వేసేవాడికి ఉండకూడదు," అన్నారు. అక్కడే నిలబడి జవాబు రాశారు. నేను పోస్టుకి బయల్దేరి గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచారు. మనసు మార్చుకున్నారేమో అనుకున్నాను. మార్చుకోవాలని కోరుకున్నాను కూడా. ఆయన స్టాంపు మూల ఒకటి లేచి ఉంటే బొటనవేలితో నొక్కి, కవరు తిరిగి నా చేతికిచ్చారు.

సంగతి తెలిసి సాయిబు గారు పరుగున వచ్చారు. "నా వల్లే పోయింది మేష్టారూ, మీ పేరు."

"ఆ పెళ్ళిళ్ళన్నీ బాగా జరిగాయా సాయిబు గారూ?"

"జరిగాయండి. ఒకామెకి అప్పుడే బిడ్డ కూడాను."

"మరింకేం! ఆ బిడ్డకి పేరు మాత్రం ఆలస్యం చెయ్యొద్దని చెప్పండి."

ఆ వారమే ఎముక పక్కన చీటీ మార్చారు. కలకత్తా పండితుడు పెట్టిన పేరు పైన మంచి సిరాతో గుండ్రంగా రాశారు. ఓడిన పేరుని చెరిపేయరు, నిలిచిన పేరు కింద చూపిస్తారు, అదీ నియమమేనని చెప్పి, తన పేరు కింద చిన్నగా పెన్సిలుతో రాసుకున్నారు. "నాకిది చాలు," అన్నారు. ఆ వినయానికి నా కళ్ళు చెమర్చాయి.

కబురు విన్న మర్నాడు బీరువా తెరిచి ఆ చీటీ చూశాను. ఇన్నేళ్ళ సముద్రపు చెమ్మకి పై వరస సిరా అలుక్కుపోయి, ఏ అక్షరమో పోల్చుకోలేకుండా ఉంది. కింది వరస నిన్న రాసినట్టుంది. జంతువుల్ని నిలవ ఉంచే స్పిరిట్ సీసాల్లో వేసే చీటీలు ఎప్పుడూ పెన్సిలుతోనే రాయాలని, చెమ్మకి చెక్కుచెదరనిది అదొక్కటేనని నాకు నేర్పింది ఆయనే. బీరువా ముందు నిలబడి చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత కూర్చుని, ఆయనైతే ముందు చేయించే పని చేశాను. పై పేరు నా పాత చిట్టాలో చూసి, అక్షరం అక్షరం సిరాతో మళ్ళీ దిద్దాను. కింద పెన్సిలు గీతలు కిటికీ వెలుతురుకి సన్నగా మెరుస్తున్నాయి.