మా బావ అంగీకి నేను పెట్టిన గంజి

ఏదైనా తాగుతూ ఇది చదువుతుంటే ముందు గ్లాసు పక్కన పెట్టండి. పొలమారితే నా పూచీ లేదు. ఒక వేసవి పొద్దున నా మొగుణ్ణి, బావను, నన్ను కలిపి గంజిలో ముంచి, డ్యాంలో నానబెట్టి, బండ మీద ఆరేసిన ఘనత నాది. ఇంత పని చేసినదాన్ని మా వాళ్లు ఇంకా ఇంట్లోకి రానిస్తున్నారంటే అది వాళ్ల మంచితనం.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. పుణ్యం కోసం కాదు, పురాణాల కోసమూ కాదు. ఆ గంజి సంగతిని మా బావ ప్రతి పెళ్లిలోనూ తనకు తోచినట్టు చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. ఆయన చెప్పేదాంట్లో నేను డ్రమ్ముల కొద్దీ బంక పోశానట! అబద్ధం. ఒక్క చెంబుడు. అందుకే అక్షరాలు దిద్దుకుని నా చేత్తోనే రాస్తున్నాను.

మాది ఎమ్మిగనూరు, మగ్గం మీద బతికే ఇల్లు. మా ఆయన నేస్తాడు. ఆయన అన్నకు, అంటే మా బావకు, ఆదోనిలో బట్టల అంగడి ఉంది. మా ఆడబిడ్డను గాజులదిన్నె డ్యాం పక్క పల్లెలో ఇచ్చారు. ఎండాకాలం సెలవులు రాగానే పిల్లాజెల్లా, ముసలీముతకా అందరం ఆమె ఇంటికి చేరతాం. పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం ఓళిగలు, సాయంత్రం డ్యాం గట్టు. మా ఊరి ఎండకు ఆ నీళ్లు చూస్తే చాలు, ఒళ్లు చల్లబడుతుంది.

అన్నీ బాగున్నాయి గానీ, అన్నదమ్ములకు మాటల్లేవు. ఆదోనిలో ఒక పెళ్లి పంక్తిలో మా బావ పక్కవాళ్లతో, "చేనేత గుడ్డ సూసేకి బాగుంటాది గానీ, గట్టిగ గుంజితే సినిగిపోతాది" అన్నాడు. పక్క విస్తరి ముందు మా ఆయన ఉన్నాడు. ఓళిగ సగం నోట్లో, సగం చేతిలో ఉండగానే లేచిపోయాడు. ఆ రోజు నుంచి ఒకరితో ఒకరు మాట్లాడితే ఒట్టు. ఏం కావాలన్నా మా అత్త నడుమ ఉండాలి.

"అమ్మా, ఆ యప్పను కొంచెం జరగమని సెప్పు."

"అమ్మా, ఈడ నేను ముందు కూసున్యానని ఆ యప్పకు సెప్పు."

ఇద్దరి మధ్య జానెడు దూరం. మా అత్త మెడ మగ్గంలో నాడెలాగా అటూ ఇటూ ఆడుతూనే ఉండేది.

ఆమెకు ఒకటే కోరిక. కొడుకులిద్దరూ పక్కపక్కన కూర్చున్న ఫొటో ఒకటి కావాలి. ప్రతి వేసవిలోనూ ఫొటో తీసేవాళ్లం. ఒకాయన వచ్చి నిలబడగానే ఇంకొకాయనకు ఫోన్ వచ్చేది. ఆ ఫోన్ మోగింది మాత్రం మేమెవరమూ వినలేదు. మా అత్త ఆ ఫొటోలు చూసి, "అందరూ ఉండారు, నా కొడుకులు తప్ప" అనేది. "నేను పోయినంక నా తలకాడ, కాళ్లకాడ నిలబడతారు. అప్పుడు గూడ దూరమే కదా" అని ఒకసారి అనేసరికి అందరికీ అన్నం సహించలేదు.

ఆ ఏడు ఆమె తెలివిగా ఒక ఏర్పాటు చేసింది. చిన్నకొడుకు నేసిన తెల్లగుడ్డతో, పెద్దకొడుకు అంగట్లో అందరికీ అంగీలు కుట్టించింది. పంచెలు, చీరలు కూడా మా మగ్గానివే. "కుటుంబమంతా ఒకటే రంగులో ఉండల్ల" అని తీర్మానం. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి తెచ్చే పని నాకు అప్పగించారు.

ఇక్కడే నా బుద్ధి వక్రించింది. అంతకుముందు ఏడు మా ఆయన అంగీ మధ్యాహ్నానికే నలిగితే, మా బావ గాలిని చూస్తూ, "చేనేత అంటే అంతేలే" అన్నాడు. ఆ మాట నాకు పుండు మీద నిమ్మకాయ పిండినట్టు మండింది. ఈసారి మడత నలిగితే నా పేరు సరోజమ్మే కాదనుకున్నాను. మామూలు బట్టల గంజి ఎవరికి కావాలి? పడుగుకు పెట్టే గంజి పెడదాం!

పడుగంటే తెలియనివాళ్లకు ఒక మాట. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు పోగులన్నీ వీధిలో బారుగా సాగదీసి గంజి పెడతాం. అది ఆరేలోపు పెద్ద కుంచెతో దువ్వుతూనే ఉండాలి. దువ్వడం ఆపి కబుర్లలో పడితే పోగూ పోగూ అతుక్కుని మొత్తం ఒక అట్ట అవుతుంది. ఇది పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్ని. అయినా ఆ రోజు దువ్వడం సంగతి నా తలకే రాలేదు. పైగా గాలికి తట్టుకోవాలని గంజిలో మైదా కలిపాను. ఇంకా గట్టిగా ఉండాలని చెంబుడు తుమ్మబంక నానబెట్టి పోశాను. పోసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆరాక చూస్తే అంగీలు తీగ మీద వేలాడటం లేదు, నిలబడి ఉన్నాయి. చేతులు చాచి, లోపల మనుషులున్నట్టు. పంచెను గోడకు ఆనించాను, కాపలావాడిలా అలాగే నిలుచుంది. ఇస్త్రీ పెట్టె పెడితే అప్పడం విరిగినట్టు పటపటమంది. అయినా నాకు అనుమానం రాలేదు. మీకు వచ్చేది. మీరు తెలివైనవాళ్లు.

డ్యాంకు బయలుదేరే రోజు అందరూ ఆ బట్టలు తొడుక్కున్నారు. మా బావ అంగీలో చేతులు దించలేక, రెండు చంకల్లో రెండు గుమ్మడికాయలు పెట్టుకున్నట్టు నడుస్తున్నాడు.

"సరోజా, ఇది అంగీనా, అట్టపెట్టెనా?"

"కొత్తది కదా బావా, వేసుకుంటే మెత్తబడతాది."

మా ఆయన కూర్చోబోయి, మోకాలు వంగక మళ్లీ లేచాడు. "ఏమే, నన్ను ఏమన్న సమాధి చేస్తాండావా?"

మా తోటికోడలు శాంతక్క మాత్రం, "నలగలేదు సూడు!" అని మెచ్చుకుంది. ఆ ఒక్క మాటతో నేను గాల్లో తేలాను.

మా అత్త నా దగ్గరికి వచ్చింది. నా పైట కొస రెండు వేళ్ల మధ్య నలిపింది. వాసన చూసింది. నాలుక కొసకు తాకించింది.

"బంక ఏసినావా?"

"కొంచెమే అత్తా."

"తుమ్మదా?"

"ఊఁ."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. డ్యాం నీళ్ల వైపు చూసింది, ఎండ వైపు చూసింది, కొడుకుల వైపు చూసింది. "సరే పద" అంది. ఆ చూపుకు అర్థం నాకు తర్వాత తెలిసింది.

గట్టు దగ్గర చేపలు పట్టే ఆయన ఒకడు పుట్టి పెట్టుకుని ఉన్నాడు. వెదురుతో అల్లిన పెద్ద గంప లాంటి పడవ. మా అత్త దాంట్లో ఎక్కి కూర్చుని, "నా కొడుకులు ఎక్కితేనే నేను దిగేది" అంది. వేరే దారి లేక ఇద్దరినీ చెక్కల్లా పైకెత్తి లోపల పెట్టారు. ఒకాయన ఈ అంచున, ఒకాయన ఆ అంచున, వీపులు తిప్పుకుని. అత్తను పట్టుకునేకి నేనూ ఎక్కాను. మా బావ కూతురు మౌనిక గట్టు మీద ఫోన్ పట్టుకుని నిలబడింది.

పుట్టి గట్టు వదిలి నాలుగు బారలు పోయిందో లేదో, మా బావ పంచె కొస నీళ్లలో పడింది. చుట్టూ నీళ్లు పాలలాగా తెల్లబడ్డాయి. ఒక చేప వచ్చింది. దాని వెనకే దాని బంధువులందరూ వచ్చారు. మా కుటుంబం కంటే పెద్ద కుటుంబం! అన్నీ కలిసి పంచె కొసను జుర్రుకోవడం మొదలుపెట్టాయి.

పుట్టి ఆయన తెడ్డు ఆపేశాడు. "యప్పా, పొద్దున్నుంచి వల ఏసినా నాకు ఒగటి పడలేదు. నీ పంచె యాడ కొన్యావు?"

"అమ్మా, ఇవి నా పంచె గుంజుతాండాయి!" అని మా బావ అరిచాడు.

"వాన్ని లేయొద్దని సెప్పు, పుట్టి ఒరుగుతాది!" అని మా ఆయన అరిచాడు, అదీ అత్తకే.

అత్త చెప్పేలోపు మా బావ లేచాడు. పంచె వంగదు కాబట్టి స్తంభం లేచినట్టు ఒక్కసారిగా లేచాడు. పుట్టి ఒరిగింది. బావ, మా ఆయన, నేను ముగ్గురం ఒకేవైపు నుంచి దభీమని నీళ్లలో. నడుము లోతే లెండి, భయపడకండి. బరువు తగ్గగానే పుట్టి మళ్లీ సర్దుకుంది. మా అత్త చుక్క నీరు తగలకుండా, సింహాసనం మీద రాణిలా కూర్చునే ఉంది.

గట్టుకు చేరాం. ముగ్గురం పాయసంలోంచి తీసిన జీడిపప్పుల్లా ఉన్నాం. గడ్డాల నుంచి గంజి కారుతోంది. పిల్లలు నేల మీద పడి దొర్లి నవ్వుతున్నారు. నేను సిగ్గుతో తల దించుకున్నాను. అప్పుడు అత్త గొంతు వినబడింది.

"అబ్బా, ఎండ! తల తిరుగుతాంది. పెద్దోడా, చిన్నోడా, నా ముందర కూసోండి, రవ్వంత నీడ పడల్ల."

తల్లి తల తిరుగుతుందంటే ఎవరు కాదంటారు? బండ మీద ఆమె కూర్చుంది, ముందర ఇద్దరూ కూర్చున్నారు.

"సందులోంచి ఎండ పడతాంది. దగ్గరికి జరగండి."

జరిగారు.

"ఇంకా."

భుజానికి భుజం తగిలింది. అత్త వెనక నుంచి ఇద్దరి భుజాల మీద చేతులేసి గట్టిగా అదిమింది. పైన ఎండ అందరినీ పెనం మీది రొట్టెల్లా కాలుస్తోంది. వాళ్ల అంగీల నుంచి ఆవిర్లు లేస్తున్నాయి. అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. తుమ్మబంక! తడి! ఎండ! దువ్వేవాళ్లు లేరు!

పరుగెత్తాను. "అత్తా! వాళ్లను దూరం జరుపు, దూరం జరుపు! ఆరితే అతుక్కుంటారు!"

ఆమె నన్ను ఒక్క చూపు చూసింది. "నోరు మూసుకో. నువ్వు ఈ ఇంటికి రాకముందు నుంచి పడుగులు పట్టిన చేతులివి. ఎంతసేపట్లో ఆరేది నాకు తెలీదా?"

అప్పుడర్థమైంది. నేను చేసింది పొరపాటు. ఆమె చేస్తున్నది పని.

కాసేపటికి మా బావ, "ఇంక చాలమ్మా" అని లేచాడు. ఆయనతోపాటు మా ఆయనా లేచాడు. బావ కూర్చున్నాడు, మా ఆయనా కూర్చున్నాడు. భుజం నుంచి మోచేతి దాకా రెండు అంగీలు ఒకటే అంగీ అయిపోయాయి.

"అమ్మా, నా సెయ్యి ఇడువమని సెప్పు ఆ యప్పకు!"

"నేను పట్టుకోల్యా! ఆ యప్పనే ఇడువమను!"

మా అత్త నీళ్ల వైపు తిరిగి, ఏమీ వినబడనట్టు వక్క చప్పరిస్తోంది. నడుమ మాట మోసే మనిషి రాజీనామా ఇచ్చేసింది.

మా బావకు కోపం వచ్చి చేతిని ఒక్క గుంజు గుంజాడు. మా ఆయన ప్రాణం విలవిల్లాడింది. తన కోసం కాదు, గుడ్డ కోసం.

"అన్నా, గుంజొద్దు! సినిగిపోతాది!"

అందరం బిగుసుకుపోయాం. నా గంజి వల్ల కాదు. ఆ "అన్నా" అనే మాట వినక ఎన్నాళ్లయిందో.

మా బావ ఇంకోసారి గుంజి చూశాడు. ఈసారి మెల్లగా. అతుకు వైపు చూశాడు. బొటనవేలితో గుడ్డను నిమిరాడు.

"సినగదులేరా. ఇంత గుంజినా ఒక్క పోగు తెగలేదు సూడు. నువ్వు నేసింది కదా."

మా ఆయన ముక్కు చీదబోయాడు. ఆ చెయ్యి లేస్తే బావ చెయ్యీ లేచి, బావ పిడికిలి మా ఆయన ముక్కుకు తగిలింది. ముందు మా బావ నవ్వాడు. తర్వాత మా ఆయన. తర్వాత ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఒరిగి, ఊపిరాడకుండా నవ్వారు. మౌనిక ఫోన్ టిక్కుమంది. వెనక మా అత్త, ఇద్దరి తలల మధ్య నుంచి తల బయటపెట్టి, పళ్లు లేని నోరంతా తెరిచి.

విడదీయడానికి మళ్లీ నీళ్లే దిక్కయ్యాయి. ఇద్దరూ ఎండ్రకాయలాగా పక్కకు నడుచుకుంటూ డ్యాంలోకి దిగారు. నానగానే అతుకు ఊడింది. అది మాకు గట్టు మీదికే కనబడుతోంది. అయినా వాళ్లు బయటికి రాలేదు. చిన్నప్పటిలా ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటూ ఉండిపోయారు. శాంతక్క, "ఓళిగలు చల్లారిపోతాండాయి!" అని అరిచాకే వచ్చారు.

నా సంగతి అడగరేం? ఆ నవ్వులో నేను ఎక్కడ కూర్చున్నానో చూసుకోలేదు. లేచేసరికి ప్లాస్టిక్ చాప కూడా నాతోపాటు లేచింది. ఆడబిడ్డ ఇంటిదాకా పెళ్లికూతురి పైటలాగా అది నా వెనకే ఈడ్చుకుంటూ వచ్చింది. ఊరంతా బయటికి వచ్చి చూశారు.

ఆ ఫొటో ఇప్పుడు ఆదోనిలో మా బావ అంగట్లో, గల్లాపెట్టె పైన ఉంది. కింద మా మగ్గం గుడ్డకు ప్రత్యేకంగా ఒక అర. వచ్చినవాళ్లు, "అన్నదమ్ములు బలే కలిసి ఉండారే!" అంటే, మా బావ, "మా సరోజ కలిపింది" అని మొదలుపెట్టి డ్రమ్ముల కథ ఎత్తుకుంటాడు. మా అత్తకు పెద్దకొడుకు, చిన్నకొడుకు నడుమ మాట మోసే పని పోయింది. ఇప్పుడు వాళ్లిద్దరూ కలిసి ఆమె మాట వినడం లేదని నాతో పోట్లాడుతుంది.

కాబట్టి, చదివేవాళ్లందరి సాక్షిగా, మా మగ్గం మీద చెయ్యి వేసి, నేర్చుకున్న అక్షరాలన్నిటి మీదా ఒట్టు పెట్టి చెప్తున్నాను. ఇకమీదట నా చేత్తో ఎవరి బట్టలకూ తుమ్మబంక వెయ్యను. చెంబుడు కాదు, చుక్క కూడా వెయ్యను. మా ఇంట్లో అందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నంత కాలం.