విమానం ఎందుకు కూలిందో చదువుకున్న రోజులు

డెబ్బైలు మొదలైన కాలంల నేను మద్రాసుల విమానాల ఇంజినీరింగు చదువుతున్న. బీ.ఈ. అయినంక అక్కడ్నే ఎం.ఈ.ల చేరి, విమాన భద్రత మీద థీసిస్ పెట్టుకున్న. అప్పటిదాక నేను విమానం ఎక్కింది లేదు. మా బాపు గోదావరిఖనిల బొగ్గుబాయి కార్మికుడు. భూమి లోపల పేల్చిన బొగ్గును తట్టలకెత్తి, పట్టాల మీద నడిచే ఇనుప టబ్బుల్ల నింపుడు ఆయన పని. సెలవులకు ఇంటికొస్తే మా క్వార్టర్ల లైనంత ఒకటే అడుగుడు.

"విమానం నడుపుతవా కొడుకా?"

"కాదు చిన్నమ్మా. కూలితే ఎందుకు కూలిందో చూస్తం."

"కూలినంక చూసి ఏం జేస్తవ్?" అని నవ్వింది పక్కింటి చిన్నమ్మ. ఆమె భర్త బాపుకు జోడి. ఇద్దరు ఒక్క షిఫ్టుల దిగి, ఒక్క టబ్బు నింపేటోళ్లు. బాపుకు సొంత తమ్ముడు కాకున్నా నాకు ఊహ తెలిసిన కాడ్నుంచి ఆయన కాకనే.

ఆమె అడిగినదానికి జవాబు మా ప్రొఫెసర్ దగ్గర దొరికింది. ఎం.ఈ. మొదట్ల మమ్మల్ని ఒక షెడ్డుకు తీస్కపోయిండు. కూలిన శిక్షణ విమానం ముక్కలన్ని నేల మీద పరిచి ఉన్నయి, తోక తోక జాగల, రెక్క రెక్క జాగల. "తప్పెవరిదని అడిగితే మీకు ఒక మనిషి దొరుకుతాడు, అంతటితో ఆగిపోతారు. ఏం జరిగింది, దానికి ముందు ఏం జరిగింది అని అడుగుతూ పోండి" అన్నడు. ఆ మాట నాకు మస్తు నచ్చింది. ఆ దినం నుంచి పాఠం వింటుంటే రెక్కలకు బదులు బాయి కప్పు కండ్లల్ల మెదులుడు సురువైంది. హాస్టల్ల ఎవరికీ చెప్పుకోలేకపోయిన.

మొదటి ఏడు అయినంక ఎండాకాలం టెలిగ్రాం వచ్చింది. రామగుండంల రైలు దిగి సీదా దవాఖానకు పోయిన. బాయి లోపల కప్పు కూలింది. బాపు కుడికాలు నుజ్జయింది. కాక బతకలే.

మూడో దినం ఓవర్‌మన్ వచ్చిండు. లోపల వాళ్లకు పని చెప్పేది ఆయనే. చేతిల ఒక కాయితం ఉన్నది.

"టబ్బు జరుపుకునేటందుకు నీ జోడే కప్పు కింది ఆసరా కర్ర పడగొట్టిండు. నువ్వు చూసినవ్. గంతే రాసున్నది. సంతకం పెడితే నీకు పైన దీపాలిచ్చే లాంపు రూముల పని ఇప్పిస్త. లేకుంటే అన్‌ఫిట్ అని ఇంటికి పంపుతరు." పోతూ పోతూ నా దిక్కు చూసి, "నీ కొడుక్కు గూడ బాయిల నౌకరి చూద్దం తియ్యి" అన్నడు.

ఆయన పోయినంక నా నోటుబుక్కు తీసిన. నేర్చుకున్న తీరుగనే అడిగిన.

"కూలకముందు ఏమైంది బాపూ? దాని ముందు?"

బాపు కండ్లు మూసుకొని చెప్పిండు. షిఫ్టు మొదట్ల కాక కడ్డీతోటి కప్పును కొట్టి చూస్తే డొల్లగ మోగింది, అంటే పైన రాయి వదులైనట్టు. ఓవర్‌మన్‌కు చెప్పిండు. ఆసరా కర్రలు ఇంకా రాలేదు, వచ్చేదాక రెండు టబ్బులు నింపుండ్రి అన్నడాయన. ఒకటి నింపిండ్రు. రెండోది వద్దన్నడు కాక.

"నేనే జల్ది నింపుదం పా అన్న" అన్నడు బాపు.

నాలుగు పేజీలైనయి. "ఇదంత విచారణకొచ్చే గనుల ఇన్‌స్పెక్టర్ సాబ్‌కు చెప్పు బాపూ" అన్న.

"నువ్వు రాసుకొని మద్రాసు రైలెక్కుతవ్. నేనెటు పోవాలె? క్వార్టరు కంపెనీ వాళ్లదే, దవాఖాన వాళ్లదే, నేను పండుకున్న ఈ మంచం గూడ వాళ్లదే."

"మరి కాక?"

తెల్లారి ఓవర్‌మన్ వస్తే బాపు సంతకం పెట్టిండు. కాయితం కింద పెట్టుకునేటందుకు ఏం లేకుంటే, నా నోటుబుక్కే ఇచ్చిన.

కాక పదో దినం అయినంక చిన్నమ్మ మా ఇంటికొచ్చింది. గడపల నిలబడ్డది.

"కొడుకా, నువ్వు గసొంటి సదువే సదువుతున్నవ్ గదా. నిజంగ మీ కాకదే తప్పా?"

వెనక మా అవ్వ, అంటే అమ్మ, బియ్యం చెరిగే చప్పుడు ఆగింది. జవాబు నా పెట్టెలనే ఉన్నది. చెప్తే బాపు పని పోతది, చెప్పకుంటే కాక మీద పడ్డ నింద పోదు.

"నాకు విమానాల సంగతే తెలుసు చిన్నమ్మా" అన్న.

ఆమె తలూపి వెళ్లిపోయింది. రెండు నెలలకు క్వార్టరు ఖాళీ చేసి, ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకొని కమాన్‌పూర్ పక్కన తల్లిగారి ఊరికి పోయిందని అవ్వ ఉత్తరం రాయించింది.

మద్రాసుల నా థీసిస్ ఏందంటే, పైలట్లు చిన్న చిన్న తప్పులను ఎందుకు దాస్తరని. ఎవరు దాస్తరో, ఎందుకు దాస్తరో నాకు ఎవరూ చెప్పే పనిలేకపోయింది. ప్రతి వాక్యం మా బాపు గురించి, నా గురించి రాసినట్టే ఉండేది. చదువు వదిలేద్దమనుకున్న. వదిలిపెట్టి ఎక్కడికి పోవాలె? ఇంటికి పోతే ఓవర్‌మన్ చూపిచ్చిన నౌకరి ఉన్నది. రెండు సెలవులు ఇంటికే పోలే. భయం మీద రాసిన అధ్యాయం చూసి ప్రొఫెసర్ "ఇంత బాగా ఎలా రాశావు?" అని అడిగిండు.

ఎం.ఈ. పాసైనంక ఇంటికి పోలే, ముందు కమాన్‌పూర్ బస్సెక్కిన. చిన్నమ్మ పత్తి ఏరుతున్నది. చేను గట్టు మీద కూసొని నాలుగు పేజీలు చదివిన. బాపు జల్ది నింపుదమన్న మాట గూడ విడువలే.

ఆమె కొంగుల పత్తి అట్లనే పట్టుకొని విన్నది. నన్ను తిట్టలే, ఏడ్వలే.

"వాళ్ల నాయిన సొంత తప్పుతోటి సచ్చిండని బడిల పిల్లలంటే, మా పిల్లలు బడికి పోనంటున్నరు. వాళ్లకు గూడ సదివి వినిపియ్యి" అన్నది.

పొద్దుగూకంగ పిల్లలను ముందట కూసోబెట్టుకొని మళ్ల చదివిన. పెద్దది డొల్లగ మోగుడంటే ఏందని అడిగింది. తలుపు చెక్కను కొట్టి, ఖాళీ కుండను కొట్టి తేడా చూపిచ్చిన. పేజీలు వాళ్ల దగ్గర్నే ఇడిసిపెట్టిన.

మరునాడు ఇంటికి పోయి బాపుకు చెప్పిన. ఆయన డ్యూటీకి తయారై ఉన్నడు.

"జల్ది అన్న మాట గూడ సదివినవా?"

"సదివిన."

బాపు కుంటుకుంట లాంపు రూముకు పోయిండు. కంపెనీ ఆఫీసుల బాపు సంతకం పెట్టిన కాయితం మాత్రం ఎన్నడు మారలే. నాకు విమాన ప్రమాదాల విచారణ చేసే ఆఫీసుల నౌకరి వచ్చింది. నేను నౌకరికి పోయిన నెలకు బాపు ఒక్కడే బస్సెక్కి కమాన్‌పూర్ పోయి చిన్నమ్మను కలిసొచ్చిండని అవ్వ చెప్పింది.