బల్ల కింద కట్టె

పడుచుతనం నుంచి ఒక బరువు మోస్తున్నాను. ఇప్పుడు జుట్టంతా నెరిసింది. నువ్వెవరో నాకు తెలియదు. అదే మేలు. ముఖం తెలిసినవాళ్ళతో చెప్పలేకపోయాను.

మాది మైదుకూరు దగ్గర పల్లె. నేను వడ్రంగిని. ఒకసారి కడపలో రైలు ఇంజనీరు దొర బంగళాకు పిలిచి, విరిగిన జూదపు చక్రం బాగుచేయమన్నారు. నున్నటి పళ్ళెం, అంచున అంకెల గళ్ళు, వాటిలో పడే చిన్న దంతపు గోళీ. దాన్ని రూలెట్ అంటారని దొర బట్లరు చెప్పాడు. పూర్వం ఫ్రాన్సు దేశంలో ఒక పండితుడు, ఎవరూ తిప్పకపోయినా ఎప్పటికీ తిరిగే చక్రం చేయాలనుకున్నాడట. కుదరలేదు. ఆ చక్రమే జూదగాళ్ళ చేతికి చిక్కిందట. నిజమో కాదో నాకు తెలియదు. నేను మాత్రం దాని మీద మనసు పారేసుకున్నాను.

తిరునాళ్ళలో ఆటలు నడిపే ఒకతను అడిగితే టేకుతో అలాంటిదే చేశాను, గోళీకి బదులు ముల్లు పెట్టి. అతను ఇంకొకటి కూడా అడిగాడు. బల్ల కింద కాలితో నొక్కితే, చక్రం మనకు కావలసిన చోట ఆగేలా ఒక కట్టె. అదీ చేశాను. అహోబిలం తిరునాళ్ళలో దాని మీద కాలు పెట్టుకుని కూర్చున్నదీ నేనే.

నా చిన్ననాటి స్నేహితుడు ఓబులేసు చీరలు నేసి అమ్ముకునేవాడు. ఆ రోజు ఆటకు వచ్చాడు. మొదట గెలిచాడు, మేమే గెలిపించాం. తర్వాత చీరల మూట పోయింది. మగ్గం పందెం కాసే ముందు నా వైపు వంగాడు.

"ఏమప్పా, దీన్ని చేసింది నువ్వే కదా. మోసమేమన్నా ఉండాదా? ఉంటే చెప్పు, ఇంటికి పోతా."

"కట్టెకు మోసం యాడిదప్పా," అన్నాను.

"నీ మాట సాలు."

చక్రం తిరిగింది. నేను నొక్కాను.

ఎందుకు నొక్కాను? ఆట నడిపేవాడికి భయపడ్డానా? అలా అనుకుంటే కాస్త తేలికగా ఉండేది. కానీ నా చక్రం చుట్టూ అంతమంది మూగి, దాని ముల్లు వైపు ఊపిరి బిగబట్టి చూస్తుంటే, స్నేహితుడి ముఖం కంటే ఆ చక్రమే నాకు ముద్దుగా కనిపించింది.

మగ్గం పోయాక ఓబులేసు నాపరాళ్ళ గనికి కూలికి పోయాడు. ఆ దుమ్ము రొమ్ములో చేరింది. ఎవరో సంతలో "అది దొంగ చక్రం" అంటే, "చేసినోడు నాకు తెలుసు" అని వాడి మీదికి పోయి దెబ్బలు తిన్నాడట. ఆ సంగతి విని కూడా నేను నోరు విప్పలేదు. చివరి రోజుల్లో చూడటానికి వెళ్తే, "అంతా నా రాతప్పా" అన్నాడు. నేను తల ఊపాను. కట్టె నొక్కడం పెద్ద తప్పా, ఆ తల ఊపడమా?

అతని భార్య లక్ష్మమ్మ నన్ను ఇప్పటికీ అన్నా అనే పిలుస్తుంది. ఆమెకు చెబుతానో లేదో నాకే తెలియదు. క్షమించమని నిన్ను అడగను. అది నీ చేతిలో లేదు. అతని రాత కాదది. నా కాలు. ఈ ముక్క మొదటిసారి బయటికి అన్నాను. కాస్త ఊపిరాడుతోంది.