హైమావతి సరుకుల బుట్ట

ప్రభుత్వ భృతితో ఇల్లు నెట్టుకొస్తున్న హైమావతి, రెండేళ్లుగా ప్రతి గురువారం, పరదేశంలో తానుండే క్రెయిగీబర్న్‌లో ఉచిత సరుకులిచ్చే చోట వరుసలో నిలబడేది. చేతిలో ఏ డబ్బా పెట్టినా "థాంక్యూ" అనేది, అంతే. ఈ వారం నుంచి ఆ సరుకులు ఫోన్లోనే ఎంచుకోవచ్చట! కళ్లజోడు తుడుచుకుని, చూపుడువేలు స్వెట్టరుకు ఒత్తుకుని, ఊపిరి బిగబట్టి కందిపప్పు నొక్కింది. తెర మీది బుట్టలో పడింది! చింతపండూ పడింది!

"అపూర్వా, బెండకాయలు కూడా ఉన్నాయే!"

"మమ్, జస్ట్ ఆర్డర్ ఇట్!" అని నవ్వింది కూతురు.

చివర్లో ఓ ప్రశ్న వచ్చింది: బెండకాయలు లేకపోతే బదులు మరేదైనా పంపమంటారా? హైమావతి రెండుసార్లు చదివింది.

"నన్ను అడుగుతున్నారే!"

నిటారుగా కూర్చుంది. పైకే అంటూ నొక్కింది: "వద్దు."