చివరి రీలులో పెద్దమ్మ

మా పెద్దమ్మ తాను కథానాయికగా నటించిన ఏకైక సినిమా ముగింపును ఏ ఇద్దరికీ ఒకే విధంగా చెప్పి ఎరుగదు. అది మాటలు లేని కాలపు సినిమా. ప్రతులన్నీ గిడ్డంగిలో దగ్ధమైపోయినవి. తోటి నటులు ఒక్కొక్కరుగా గతించారు. కాబట్టి ఆమె మాటను ఖండించగలవారు భూమ్మీద మిగలలేదు. ఆ సౌకర్యాన్ని ఆమె సంపూర్ణంగా వినియోగించుకున్నది.

అన్నతో మాటలు మానేసిన దర్జీకి చెప్పినప్పుడు, ఆఖరి దృశ్యంలో అన్నదమ్ములు కౌగిలించుకున్నారు. కూతురు తనకు నచ్చినవాణ్ణి పెళ్లాడిందని అలిగి కూర్చున్న పోస్టుమాస్టరుకు చెప్పినప్పుడు, తండ్రి స్వయంగా వెళ్లి జంటను ఇంటికి తెచ్చుకున్నాడు. ఏ నకలునైనా మూలంతో సరిచూడనిదే తోచని నాకు ఈ వ్యవహారం మింగుడుపడేది కాదు.

"పెద్దమ్మా, ఈ కథలో అన్నదమ్ములే లేరని మొన్న చెప్పావు!"

"అది వేరే ప్రింటురా నాయనా."

"తండ్రి మొదటి రీలులోనే పోయాడన్నావు?"

"అదీ వేరే ప్రింటే. నువ్వు పుట్టకముందు సంగతులు నీకెందుకు?"

మా ఆవిడకు గుండె ఆపరేషను తప్పదని వైద్యులు తేల్చిన వారంలో మరొక ముగింపు వెలువడినది. మంచం పట్టిన నాయిక, అందరూ ఆశ వదులుకున్న తరుణంలో లేచి కూర్చుని కాఫీ అడుగుతుంది.

"మాటల్లేని సినిమాలో కాఫీ అడిగిందని ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"పెదవులు కదిపానుగా!"

మా ఆవిడ నవ్వింది. ఆపరేషనన్న మాట విన్న తరువాత నవ్వడం అదే మొదలు.

సరిగ్గా అప్పుడే ఫిల్మ్ భాండాగారం అధికారి ఫోను చేశారు. ఏదో పాత థియేటరు అటక మీద ఆ సినిమా చివరి రీలు దొరికిందట. నటీమణిగారు సకుటుంబంగా విచ్చేయాలట. మా ఆవిడ పట్టుపట్టింది.

"ఆ పిల్ల లేచి కూర్చోవడం కళ్లారా చూశాకే ఆస్పత్రిలో చేరతాను. లేకపోతే చేరనంటే చేరను."

టాక్సీలో పెద్దమ్మ నా చెవి దగ్గరకు వంగింది. "ఒరేయ్, నేను చచ్చిపోయానురా."

"ఎప్పుడు?"

"చివరి రీలులో."

దర్జీకి అన్న, పోస్టుమాస్టరుకు కూతురు, మా ఆవిడకు ఆ మంచం: ఎవరి ముగింపు ఎందుకు పుట్టినదో అప్పటికి గాని నా బుర్రకెక్కలేదు. అయితే టాక్సీ అప్పటికే భాండాగారం గేటు దాటింది.

తెర మీద పద్దెనిమిదేళ్ల పెద్దమ్మ దిండు మీదికి ఒరిగిపోయింది. నాయకుడు రెండు చేతులతోనూ గుండెలు బాదుకున్నాడు. మా ఆవిడ సంచీ అందుకుని లేవబోయింది.

"ఆపండి!" పెద్దమ్మ చేతికర్రతో తెర ముందుకు నడిచింది. "కాస్త వెనక్కి తిప్పండి బాబూ."

"పాత ఫిల్మమ్మా, తెగిపోతుంది. ఉన్నది ఇదొక్కటే ప్రింటు," అన్నారు అధికారి.

"చచ్చింది నేనా, మీరా? తిప్పండి!"

తిప్పారు. పెద్దమ్మ కర్ర ఎత్తి తెర మీది తన ముఖాన్ని చూపించింది.

"అమ్మాయ్, ఆ ఎడమ కన్ను చూడు."

చూశాం. నాయిక పోయిన తరువాత ఎడమ కనురెప్ప స్పష్టంగా, తీరిగ్గా, ఒకసారి కొట్టుకుంది.

"డైరెక్టరు ఎన్ని తిట్లు తిట్టాడో! చచ్చాక కూడా ఆ రెప్పలాడించడమేమిటే అని. నేను బతికే ఉన్నానమ్మాయ్. ఆ ఏడ్చేవాడికే ఇంకా తెలీదు!"

మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ పగలబడి నవ్వింది. "మరి లేచి కాఫీ అడగలేదేం అత్తయ్యా?"

"అది వేరే ప్రింటు!" అన్నారు అధికారిగారే.

మా ఆవిడ ఆస్పత్రిలో చేరింది. ఆపరేషను జరిగింది. తెలివి వచ్చిన వేళ పెదవులు కదిపింది గాని శబ్దం రాలేదు. నర్సుకు అర్థం కాలేదు, నాకూ కాలేదు. పెద్దమ్మ మాత్రం కుర్చీలో నుంచి చటుక్కున లేచింది.

"కాఫీ అడుగుతోందిరా!"

ఆమె చెప్పిన ముగింపు పొల్లుపోకుండా జరగడం నేను చూసినది అదొక్కసారే. చేతులు జోడించాను.

"ఇప్పుడే కాఫీ ఇవ్వకూడదండీ," అన్నది నర్సు.

పెద్దమ్మ తొణకలేదు. "ఇచ్చింది వేరే ప్రింటులో లేమ్మా," అని కూర్చుంది.